బాపు పొలం మట్టి, కలువల తొట్టి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఆమె ఇంటి వెనుక ఖాళీ జాగాలో ఉగాదికి ఒక సిమెంటు తొట్టి కట్టించుకున్నారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. కట్టిన వారానికే నీళ్లు నింపి రెండు కలువలు పెట్టారు. ఒకటి వాళ్ల నాన్నగారు ఊరి చెరువులోంచి తెచ్చిన ఎర్ర కలువ దుంప, రెండోది నర్సరీలో కొన్న పసుపు రంగు హైబ్రిడ్. కుండీల్లోకి నర్సరీవాళ్లు ఇచ్చిన పాటింగ్ మిక్స్ వాడారు. అంటే కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, తెల్లటి పెర్లైట్ పలుకులు. నీళ్లలో దించిన సాయంత్రానికే పొట్టు పైకి తేలింది. వారానికి నీళ్లు టీ డికాషన్‌లా అయ్యాయి. మూడో వారానికి నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన మొదలైంది. ఎనిమిదేళ్ల పాప ముచ్చటపడి వేసుకున్న ఎనిమిది గప్పీ చేపల్లో ఏడు చనిపోయాయి. పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదట.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఆమె తల్లి కిందటేడు జబ్బు చేసి పోయారు. ఆస్పత్రి అప్పు తీర్చడానికి నాన్నగారు రెండెకరాల పత్తి చేను అమ్మేసి, ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నారు. తొట్టి సంగతి చూసి, "ఇది మట్టేనా బిడ్డా? పొట్టు. మన్ను లేక పువ్వెట్ల నిలబడ్తది?" అని, చేను కొన్నాయనను అడిగి ఒక యూరియా సంచి నిండా రేగడి మట్టి తవ్వుకుని ఆటోలో తెచ్చారు. అడుగున పెండ (పేడ) కూడా వేయాలన్నారు. భర్త ఒప్పుకోలేదు. ఇంకోసారి బురద తొట్టిలో పడటానికి వీల్లేదని, ఆన్‌లైన్‌లో దొరికే అక్వాటిక్ సాయిల్ (నీటి మొక్కల మట్టి) తెప్పిద్దామని ఆయన మాట. సంచి మూతి కట్టేసి నెల రోజులుగా వరండాలో ఉంది. మొన్న మొదటి వాన పడినప్పుడు నాన్నగారు ఎవరికీ చెప్పకుండా దాన్ని మెట్ల కిందికి లాక్కుపోయి పెట్టారట. "ఆయన నోరు తెరిచి ఏమీ అడగడు. అల్లుడింట్లో ఉన్నానని బాపుకు అదో మొహమాటం. ఏ మట్టి మంచిదో చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీరు మట్టి గురించే అడిగారు కాబట్టి మట్టి గురించే ఎక్కువ చెబుతాను. కానీ ఆ సంచి మెట్ల కింద ఉన్నంతకాలం మీ మనసు నిమ్మళంగా ఉండదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. దాని గురించి కూడా నాకు తోచింది చెబుతాను.

ముందు చేపల సంగతి. మీరు మీ మీదే నింద వేసుకున్నారు. పాటింగ్ మిక్స్ గాలిలో ఉండే కుండీకి చాలా మంచిది. దాన్ని నీళ్లలో ముంచితే వానపాముల ఎరువు, పొట్టు అక్కడే కుళ్లడం మొదలుపెడతాయి. ఆ కుళ్లు నీళ్లలో ఉన్న ప్రాణవాయువునంతా లాగేస్తుంది. కుండీ లోపల గాలి పూర్తిగా అయిపోయాక గంధకపు వాయువు పుట్టి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, మట్టి నల్లబడుతుంది. మీ చేపలు చనిపోయే ముందు తెల్లవారుజామున నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయని రాశారు కదా, అది ఊపిరాడకే. రాత్రంతా ఎండ లేక మొక్కలు ప్రాణవాయువు ఇవ్వవు కాబట్టి తెల్లవారేసరికి నీళ్లలో అది అడుగంటిపోతుంది.

అయితే మీ ఇంట్లో ఎవరూ అనుకోనిది ఇంకొకటి ఉంది. కొత్త సిమెంటు తొట్టిలో వారానికే నీళ్లు పోశారు. కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరుతూనే ఉంటుంది. నీళ్లు బాగా క్షారంగా మారతాయి. అది చేపలకూ పడదు, లేత కలువ వేళ్లకూ పడదు. అందుకే కొత్త తొట్టిని నింపి, వారం ఉంచి, పారబోసి, గోడలు బ్రష్‌తో రుద్ది, మళ్లీ నింపాలి. ఇలా కనీసం మూడుసార్లు చేయాలి. కాబట్టి మీవారు కొన్న మిక్స్ ఒక్కటే చేపల్ని చంపిందని తేల్చేయలేం. ఇది ఆయనకు కూడా చెప్పండి. నర్సరీ నుంచి ఆ సంచులు తెచ్చింది తనే కాబట్టి ఆయన మనసులోనూ ఏదో గుచ్చుకుంటూ ఉండొచ్చు. "ఇంకోసారి వీల్లేదు" అన్న మాటలో కోపం కంటే భయమే ఎక్కువ ఉందేమో అనిపించింది నాకు. అక్వేరియం షాపులో క్షారం చూసే కాగితపు పట్టీలు దొరుకుతాయి. వాటి మీద చూపించే పీహెచ్ అంకె 8 దాటకుండా ఉంటే నిశ్చింత. ఆ పని ఆయనకు అప్పగించండి.

ఇక మట్టి.

మనం మట్టి అనగానే బలం గురించి ఆలోచిస్తాం. గులాబీకీ టమాటాకూ అలవాటైన ఆలోచన అది. కలువకు మట్టి దగ్గర కావలసింది మొదట బరువు, తర్వాత పట్టు. దుంప నీళ్లలో తేలిపోకుండా అదిమి పట్టాలి. మనం వేసిన కొద్దిపాటి ఎరువు నీళ్లలోకి కారిపోకుండా తన దగ్గర దాచుకుని వేరుకు అందించాలి. ఈ రెండూ బంకమట్టి చేసినట్టు ఇంకేదీ చేయదు. బంకమట్టి రేణువులు అమ్మోనియం, పొటాషియం లాంటివాటిని అంటిపెట్టుకుంటాయి. ఇసుక దేన్నీ పట్టుకోదు. కొబ్బరి పొట్టుకు బరువే లేదు. మట్టిలోంచి కారిపోయిన పోషకాలు కలువకు అందవు, నాచుకు అందుతాయి. నీళ్లు పచ్చబడ్డాయంటే మట్టి తన సరుకును దాచుకోలేకపోతోందని అర్థం.

మరి అంత బిగుతు మట్టిలో, గాలి లేని బురదలో వేరు ఎలా బతుకుతుందని మీకు సందేహం రావచ్చు. రాలిన కలువ ఆకు కాడ ఒకటి తీసి బ్లేడుతో అడ్డంగా కోయండి. లోపల పెన్సిల్ ములుకు పట్టేంత కన్నాలు వరుసగా కనిపిస్తాయి. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టాల్లోంచి దుంపకూ వేళ్లకూ దిగుతుంది. కలువ తన గాలి తనే తెచ్చుకుంటుంది కాబట్టి మట్టి గుల్లగా ఉండాల్సిన పనిలేదు. పాపకు కూడా చూపించండి, కాడలోంచి ఊదితే నీళ్లలో బుడగలు వస్తాయి.

మీ బాపు "మన్ను లేక పువ్వెట్ల నిలబడ్తది" అన్నారు చూడండి, నిలబడటం అన్న మాట వాడారు. కలువ మట్టి గురించి ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను. ఈ విషయంలో ఆయన మాటే కరెక్టు. పెండ విషయంలో మాత్రం మీవారి భయానికి కారణం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ సంచిలోని రేగడి పనికొస్తుందా లేదా అన్నది ఊహతో తేల్చకండి. ఒక రోజు పని. నిలువుగా ఉండే పాత పచ్చడి సీసా ఒకటి కడిగి, అందులో మూడో వంతు మట్టి పొడి చేసి పోయండి. పైదాకా నీళ్లు పోసి, గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు ఒక్క చుక్క వేసి, మూత బిగించి ఐదు నిమిషాలు బాగా కుదపండి. గూట్లో కదలకుండా పెట్టండి. నిమిషం లోపే ఇసుక అడుగుకు చేరుతుంది. సీసా మీద అక్కడ స్కెచ్ పెన్నుతో గీత గీయండి. రెండు గంటలకు ఒండ్రు దిగుతుంది, ఇంకో గీత. మర్నాటికి, ఒక్కోసారి రెండో నాటికి, అన్నిటికంటే పైన నున్నటి మెత్తటి పొర కనిపిస్తుంది. అదే బంక. మొత్తంలో అది మూడో వంతు వరకు ఉండి, ఇసుక కూడా అంతో ఇంతో ఉంటే కలువకు దానికి మించిన మట్టి లేదు. మీ రేగడిలో బంక సగం దాటి ఉన్నా ఆశ్చర్యపోను.

ఇంకో పరీక్షకు సీసా కూడా అక్కర్లేదు. నిమ్మకాయంత మట్టి తడిపి పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా ముందుకు తోయండి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుక పాలు ఎక్కువ. రెండున్నర నుంచి ఐదు దాకా నిలిస్తే మనకు కావలసిన మట్టి. ఐదు దాటి వేలాడితే అచ్చమైన బంక. మీ బాపు ఈ పరీక్ష చేయకుండానే, ముట్టుకుని చెప్పేయగలరనుకోండి. అయినా చేయించండి, మీవారి ఎదురుగా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, బాపు తెచ్చిన రేగడినే ఉన్నదున్నట్టు వాడటం. బరువుకు, పట్టుకు ఢోకా లేదు. కానీ రేగడి తడికి ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. చాలా సన్నటి రేణువులు కాబట్టి చేప తోక తగిలినా నీళ్లు కలక బారతాయి, తేరడానికి రోజులు పడుతుంది. రెండేళ్లకోసారి దుంపను విడదీసి మార్చేటప్పుడు మట్టి వేళ్లను వదలదు. పువ్వులు మాత్రం పూస్తాయి. కొన్ని రేగళ్లలో సున్నపు గుల్లలు ఉంటాయి. చిటికెడు పొడి మట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగుతుంది. అలా పొంగినా హైరానా పడొద్దు. వరి మడిలో చూడండి, నీళ్లు నిలిపి ఉంచితే కొన్ని వారాల్లో క్షారపు మట్టి, ఆమ్లపు మట్టి రెండూ మధ్యస్థానికి, పీహెచ్ 7 దగ్గరికి వస్తాయి. మీ కుండీ కూడా నీళ్లు నిలిచిన చిన్న మడే.

రెండోది, నేను మీ చోట ఉంటే చేసేది. రెండు పాళ్లు రేగడి, ఒక పాలు ఎర్ర చల్క (ఇసుక కలిసిన ఎర్ర మట్టి) కలపడం. మీ వైపు చల్కకు కరువు లేదు. దాంట్లోని ముతక ఇసుక రేగడి జిగటను విరుస్తుంది, రేగడి చల్కకు పట్టునిస్తుంది. ఎర్ర మట్టిలోని ఇనుము నీళ్ల కింద కరిగి వేరుకు అందే రూపంలోకి వస్తుంది కాబట్టి ఆకులు పాలిపోవు. చల్క ఎక్కణ్ణుంచి తెస్తున్నారో మాత్రం చూసుకోండి. కొత్త ఇళ్ల పునాదుల దగ్గర తవ్విన మట్టి వద్దే వద్దు. చెదలకు మందు కొట్టి ఉంటారు, అది చేపలకు విషం. సిమెంటు పెళ్లలు కూడా కలిసి ఉంటాయి. తెల్లగా ఉప్పు తేలిన చౌడు మట్టి కూడా పనికిరాదు.

మూడోది చెరువు పూడిక. తెలంగాణలో 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక ఎంతోమంది రైతులు ట్రాక్టర్లలో చేలకు తోలుకున్న మట్టే. కలువ పుట్టిల్లు అదే కాబట్టి సరిపోతుంది. దాంతో పాటు తుంగ గింజలు, నత్త గుడ్లు, రకరకాల నాచు కూడా వస్తాయి. తుంగ ఒకసారి తొట్టిలో దిగితే కలువ దుంపలో దాని వేళ్లు అల్లుకుపోతాయి, విడదీయడం నా వల్ల కాలేదు. రెండు వారాలు నడి ఎండలో పరిచి, పొడి చేసి, జల్లించి వాడితే చాలావరకు బెడద తగ్గుతుంది. వానలు మొదలయ్యాయి కాబట్టి ఈ ఏడాదికి ఆ ఎండ మీకు దొరకదు.

నాలుగోది మీవారు చెబుతున్న అక్వాటిక్ సాయిల్. ఆ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి బంకమట్టిని కాల్చి చేసిన గుళికలు. శుభ్రంగా ఉంటాయి, నీళ్లు కలక బారవు, వాసన రాదు. వాటిలో సొంతంగా పోషకం ఉండదు కాబట్టి ఎరువు గుళికలు క్రమంగా గుచ్చుతూ ఉండాలి. రెండోది అక్వేరియం మొక్కల కోసం చేసిన మట్టి. కొన్ని బ్రాండ్లు మొదటి వారాల్లో నీళ్లలోకి అమ్మోనియా వదులుతాయి, అప్పుడు చేపలు వేస్తే మళ్లీ అదే కథ. ఖర్చు కూడా లెక్క వేసుకోండి. పద్నాలుగంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల లోతు ఉన్న టబ్ నిండాలంటే ఇరవై లీటర్ల మట్టి కావాలి. రెండు టబ్బులకు నలభై. ఆన్‌లైన్ సంచి ఎన్ని లీటర్లో చూసి గుణిస్తే మీకే తెలుస్తుంది. డబ్బుకు వెనుకాడని ఇల్లయితే తప్పు దారి ఏమీ కాదు. కానీ మీ ఇంట్లో ఆ పార్సిల్ వచ్చిన రోజు మెట్ల కింద సంచి ఏమవుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు.

రేగడి వాడదామనుకుంటే బాపును ఒక మాట అడగక తప్పదు. అది పత్తి చేను. కిందటి పంటకు ఏ మందులు కొట్టారు, ఆఖరిసారి ఎప్పుడు, గడ్డి మందు వాడారా? నేరం మోపినట్టు కాకుండా, సలహా అడిగినట్టు అడగండి. పత్తి పండించిన మనిషికి ఆ లెక్క నోటికి వచ్చి ఉంటుంది. పత్తి మీద కొట్టే కొన్ని పురుగు మందులు మట్టి రేణువులకు అతుక్కుని నెలల తరబడి ఉంటాయి, చేపలకు అతి కొద్ది మోతాదు కూడా ప్రమాదం. గడ్డి మందు అనుమానం ఉంటే ఆ మట్టిలో గుప్పెడు పెసలు చల్లండి. వారంలో మొలిచి, రెండాకులు పచ్చగా విప్పితే కలువకు భయం చాలావరకు తగ్గినట్టే. పురుగు మందుల సంగతి పెసలు చెప్పవు. అందుకే కలువలు నాటాక నెల రోజులు ఆగి, ముందు రెండే చేపలు వేసి, ఇంకో వారం చూసి మిగతావి వేయండి. మిగిలిన ఆ ఒక్క గప్పీని అప్పటిదాకా వేరే గిన్నెలోనే ఉంచండి. ఈలోగా తొట్టిలో దోమలు పెరగకుండా పైన దోమతెర కట్టండి. వానాకాలం, డెంగీ రోజులు.

సంచి యూరియాది అని రాశారు. దులపకుండా నింపి ఉంటే మూలల్లో తెల్లటి పలుకులు మిగిలి ఉండొచ్చు. మట్టిని పట్టా మీద పరిచి, మూలల్లో ఉన్న దోసెడు పక్కన పెట్టేయండి, దాన్ని పూల కుండీలకు వాడుకోవచ్చు. పాత పాటింగ్ మిక్స్ కూడా పారేయకండి. పది రోజులు ఆరబెడితే వాసన పోతుంది, తులసికీ మిరపకూ భేషుగ్గా ఉంటుంది.

పెండ గురించి. మీ బాపు చెప్పింది కొత్త సంగతేమీ కాదు. ఏడాది మాగిన పెంట ఎరువును అడుగున రెండు వేళ్ల మందాన వేసి, పైన ఆరంగుళాల బంకమట్టితో మూసి కలువలు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు. పూత విరగబూస్తుంది. చేపలు లేని విడి తొట్టికి ఆ పద్ధతి నడుస్తుంది. మీది వెయ్యి లీటర్ల నీళ్లు, పాప చేపలు వేసే తొట్టి. ఒక్క కుండీ పక్కకు ఒరిగినా, పైమట్టి కొట్టుకుపోయినా మళ్లీ అదే నల్ల నీళ్లు. పచ్చి పెండ అయితే చెప్పనే అక్కర్లేదు. ఈసారికి పెండ వద్దనే నా సలహా. బదులుగా, నాటిన నెలకు కొత్తాకులు నాలుగైదు వచ్చాక, పది పన్నెండు డీఏపీ ఎరువు పలుకులు మట్టి ఉండలో పెట్టి, ఉండను నీడలో కాస్త గట్టిపడనిచ్చి, దుంపకు దూరంగా కుండీ అంచున లోతుగా గుచ్చండి. ఆకులు చిన్నబడుతున్నాయనిపించినప్పుడు ఇంకోటి. యూరియా మాత్రం తొట్టిలో వేయొద్దు, అమ్మోనియాగా మారి చేపల ప్రాణం తీస్తుంది.

కుండీకి అడుగున కన్నం ఉండకూడదు. లోతు కంటే వెడల్పు ముఖ్యం. తాపీ పనివాళ్ల దగ్గర ఉండే నల్ల ప్లాస్టిక్ టబ్బు చక్కగా సరిపోతుంది. రెండు దుంపల్నీ ఒకేలా నాటొద్దు. పసుపు హైబ్రిడ్ దుంప అల్లం కొమ్ములా అడ్డంగా పాకుతుంది. దాని పాత చివరను కుండీ అంచుకు ఆనించి, మొలక ముఖం మధ్యకు ఉండేలా ఏటవాలుగా పెట్టాలి. ఎర్ర కలువది గుండ్రటి గడ్డ, నిటారుగా పెరుగుతుంది, దాన్ని నడిమధ్యలో పెట్టండి. రెండింటికీ మొలక మట్టిలో పూడిపోకుండా పైకి కనిపించాలి. మట్టి మీద కడిగిన ముతక ఇసుక ఒక వేలు మందాన పరిస్తే కలక రాదు. దించేటప్పుడు కుండీలోని మట్టి అప్పటికే పూర్తిగా నాని ఉండాలి. పొడి మట్టి మీద నీళ్లు పడితే లోపలి గాలి బుడగలై వచ్చి దుంపను ఎత్తి పడేస్తుంది.

ఆ నానబెట్టే పని దగ్గరే మీ బాపు కావాలి. మట్టిని దమ్ము చేయాలి. వరి నాటే ముందు మడిని ఎలా కలియదొక్కుతారో అలాగే టబ్బులో నీళ్లు పోసి, గడ్డలు లేకుండా, వేళ్ల మధ్య వెన్నలా జారేదాకా పిసకాలి. అది మనకు రాదు, చేసినవాళ్ల చేతికే తెలుస్తుంది. ఉద్యోగాలకు పోయే మీ ఇద్దరి కంటే ఆయనే బాగా చేస్తారు.

ఇక మాట ఎవరు ముందు ఎత్తాలన్నది. మీరు మీవారితో విడిగా మాట్లాడి ఒప్పించి, తర్వాత బాపుకు చెప్పొచ్చు. అది సులువు, కానీ "అల్లుడు ఒప్పుకున్నాడట" అన్నట్టు ఆయనకు చేరుతుంది. మొహమాటం ఇంకాస్త పెరుగుతుంది. లేదా ఇద్దరూ ఉన్నప్పుడు పచ్చడి సీసా బయటికి తీయండి. మట్టి ఇంట్లో అందరి ఎదుటా తన సంగతి తనే చెబుతుంది. మీవారికి నీళ్లు పరీక్షించే పట్టీలు, బాపుకు దమ్ము, పాపకు సీసా మీద గీతలు. అయినా మీవారు ససేమిరా అంటే, రెండు కుండీలు రెండు రకాల మట్టితో పెట్టండి. పసుపు కలువకు ఆయన తెప్పించిన గుళికలు, ఎర్ర కలువకు బాపు రేగడి. ఖర్చు కొంత దండగ, ఇంట్లో పోలికలు మొదలవుతాయి. ఏది ముందు పూస్తే వాళ్లది గెలుపు అన్న మాట మాత్రం రానివ్వకండి. ఆ రెండూ వేర్వేరు జాతులు, పూత వేళలే వేరు. మీవారు మామగారి దగ్గర కూర్చుని పది నిమిషాలు పొలం కబుర్లు అడిగితే వీటిలో సగం అవసరం పడదు. కానీ అది మీరు చెప్పి చేయించేది కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సంచి మొత్తం ఖాళీ చేయకండి. చేను పోయాక ఆయనకు మిగిలిన మట్టి అది. రెండు పాళ్లు, ఒక పాలు లెక్కన మీకు ఇరవై ఐదు, ఇరవై ఏడు లీటర్ల రేగడి చాలు. మిగిలింది ఒక డబ్బాలో ఆరబెట్టి దాచండి. రెండేళ్లకు దుంపలు మార్చేటప్పుడు పనికొస్తుందని చెప్పి దాస్తే ఆయనకూ ఇబ్బందిగా ఉండదు, నిజంగా పనికొస్తుంది కూడా.

నీళ్లు కొన్నాళ్లు మసకగా ఉంటాయి, మీవారు కంగారు పడతారు. పటిక వేద్దామనే ఆలోచన వస్తుంది, చేపలున్న నీళ్లలో అది ఎక్కువైతే ప్రమాదం. చిల్లగింజ దొరికితే రాతి మీద కాస్త అరగదీసి, ఆ గంధం నీళ్లలో కలపండి. ఏమీ చేయకపోయినా పది పదిహేను రోజుల్లో బంక దిగి నీళ్లు వాటంతటవే తేరతాయి.

సిమెంటు తొట్టి మూడు విడతల నీళ్లు మారేదాకా దుంపల్ని ఆపకండి. బకెట్‌లో ఉన్న పసుపు దుంప బొటనవేలంతే మిగిలిందని రాశారు. రేపే దాన్ని బయటికి తీసి కడిగి, మెత్తబడిన చోటల్లా గట్టి తెల్ల కండ కనిపించేదాకా కోసేయండి. టబ్బుల్లో నాటి, మట్టి పైన నాలుగంగుళాల నీళ్లు నిలిపి, ఆరు గంటలు ఎండ తగిలే చోట పెట్టండి. తొట్టి సిద్ధమయ్యాక టబ్బు ఎత్తి ఇటుకల మీద దించితే సరి. ఇప్పుడు నాటితే బతుకమ్మ నాటికి మొగ్గలు చూడొచ్చు.

ఎర్ర కలువ ఎప్పుడు చూసినా ముడుచుకునే ఉంటుందని, దుంపలోనే లోపముందేమో అని అడిగారు. మీరు పదకొండింటికి చూస్తున్నారు. అది రాత్రి పూసే జాతి, చీకటి పడ్డాక విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఈసారి మొగ్గ నీటి మీదికి లేచిన రోజు రాత్రి భోజనాలయ్యాక టార్చి తీసుకుని వెళ్లండి. ఏ రాత్రి విచ్చుకుంటుందో బాపును అడగండి, ఆ చెరువు గట్టున పెరిగిన మనిషి ఆయన.